సిక్కాలో పాఠాంతరాలు

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు సేకరించి, వాటిని పక్కపక్కన పెట్టుకొని, అక్షరం అక్షరం పోల్చి చూస్తారు. ఒక ప్రతిలో ఉన్న మాట మరొక ప్రతిలో ఉండదు. ఒక లేఖకుని చేతిలో మకారం యకారంగా మారిపోతుంది. ఇటువంటి తేడాలనే మనం పాఠాంతరాలు అంటాం. బ్రౌను దొర వేమన పద్యాలకు ఎన్నో ప్రతులు సేకరించి పోల్చి చూసింది ఇందుకోసమే. ఎం.ఏ. తరగతిలో నేర్చుకున్న ఈ విద్య వెండి నాణేలకు కూడా చక్కగా వర్తిస్తుందని, తరువాతి కాలంలో భూతద్దం చేతబట్టినప్పుడు నాకు అనుభవానికి వచ్చింది.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే నడుస్తున్నాయి గనుక ముందుగా ఒక మాటను గూర్చి చెప్పుకోవడం సముచితం. నాణేన్ని ఉర్దూలో సిక్కా అంటాం. ఇది అరబ్బీ నుంచి వచ్చిన పదం. అరబ్బీలో ఈ మాటకు నాణేన్ని ముద్రించే అచ్చు అని అర్థం ఉంది. అచ్చు పేరే కాలక్రమేణా అచ్చులో పుట్టిన వస్తువుకు పేరయింది. నికాహ్‌నామాలో మహర్ మొత్తం రాసేటప్పుడు ‘సిక్కా రాయిజుల్ వక్త్’ అని రాయడం మన ఇళ్లలో చాలామంది చూసే ఉంటారు. ఆ కాలంలో చెలామణిలో ఉన్న నాణెం అని దాని భావం. చెలామణి పోయిన తరువాత కూడా ఆ నాణెం ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. అదేమిటో వినాలంటే అచ్చును గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

అచ్చు అంటే ఉక్కు దిమ్మ. ఉక్కు నగరంలో ఉండే మనకు దీనిని గూర్చి ఎక్కువ వివరించనక్కర లేదు. గట్టిపరచిన రెండు ఉక్కు అచ్చుల నడుమ వెండి బిళ్లను ఉంచి యంత్రంతో బలంగా నొక్కితే, ఒకవైపు బొమ్మ, మరొకవైపు బొరుసు లేస్తాయి. అయితే లక్షల నాణేలను ఒక్క జత అచ్చులతో తీయడం సాధ్యం కాదు. ఉక్కు కూడా అరుగుతుంది, ఒక్కొక్కప్పుడు పగులుతుంది. అందుచేత మూల ముద్ర నుంచి ఎన్నో అచ్చులు తయారు చేసుకోవలసి ఉంటుంది. పూర్వకాలంలో సంవత్సరపు అంకెను, టంకశాల గుర్తును పనివాడు చిన్న ఉలితోనో ముద్రతోనో చేతితో దింపేవాడు. ఒక అచ్చులో అంకె కాస్త వాలుతుంది. మరొక అచ్చులో అదే అంకె రెండుసార్లు పడుతుంది. నిరుటి అచ్చు బాగానే ఉంటే పారవేయక, పాత అంకెమీద కొత్త అంకె చెక్కుతారు. అచ్చు పగిలితే ఆ పగులులోకి వెండి చొచ్చుకొని నాణెం మీద సన్నని గీతగా ఉబ్బుతుంది. ఒకే సంవత్సరం, ఒకే విలువ, ఒకే తూకం ఉన్న నాణేలలో ఇన్ని తేడాలు కలగడానికి ఇవే కారణాలు.

ఈ విద్యను అమెరికా సేకర్తలు చాలా దూరం తీసుకుపోయారు. మోర్గన్ అనే చెక్కడపు పనివాని పేరుమీద ప్రసిద్ధమైన వెండి డాలరు 1878లో మొదలయింది. తొలి అచ్చులలో గద్ద తోకకు ఎనిమిది ఈకలు ఉన్నాయి. అదే సంవత్సరం వాటిని ఏడుకు తగ్గించారు. కొన్ని పాత అచ్చులను పారవేయకుండా ఎనిమిది మీదనే ఏడు చెక్కారు. ఆ అచ్చులనుంచి వచ్చిన డాలర్లలో ఏడు ఈకల కిందనుంచి పాత ఈకల కొసలు నేటికీ కనబడతాయి. వాన్ ఆలెన్, మాలిస్ అనే ఇద్దరు ఇటువంటి తేడాలన్నిటికీ వరుస సంఖ్యలిచ్చి పెద్ద పట్టిక తయారు చేశారు. వారి పేర్ల తొలి అక్షరాలతో ఆ తేడాలను ‘వామ్’ అని పిలవడం అక్కడ వాడుక.

ఇంతటి విద్యకు తగిన వెండి మన దేశంలో లేదనుకోనక్కర లేదు. డాలరంతటి నాణెం ఒకటి మన తెలుగు అక్షరాలతోనే వెలువడింది. విశాఖపట్నం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1807 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాల వెండి అర వరహాలను, పావు వరహాలను ముద్రించింది. అర వరహా మీద ఒకవైపు గాలిగోపురం, దాని చుట్టూ ఇంగ్లీషు, పారసీక లిపులు ఉంటాయి. మరొకవైపు విష్ణుమూర్తి బొమ్మ చుట్టూ తమిళ, తెలుగు లిపులు ఉంటాయి. నాలుగు లిపులు ఒక్క వెండి బిళ్లమీద ఇమిడిపోయాయి. వాటిలో రెండు మన కళాశాల విద్యార్థులు నిత్యమూ చదివే లిపులే. అప్పట్లో సముద్రవర్తకంలో స్పెయిన్ డాలర్లు దండిగా వచ్చేవి. ఈ అర వరహాలలో కొన్నిటిని ఆ డాలర్ల మీదనే ముద్రించారు. అటువంటి నాణేన్ని వాలు వెలుగులో పట్టి చూస్తే గోపురం కిందనుంచి స్పెయిన్ రాజు డాలరు జాడలు తొంగిచూస్తాయి. చెరిపివేసిన తాళపత్రం మీద మరొక కావ్యం రాసినట్లు ఉంటుంది. ఈ నాణేల అచ్చులను గుర్తించేవారు గోపురానికి ఇరుప్రక్కలా ఉన్న నక్షత్రాలను లెక్కపెడతారు. ఆ సంఖ్య అచ్చు అచ్చుకు మారుతూ ఉంటుంది. 1818లో మద్రాసు రాజధానికి వెండి రూపాయి ప్రామాణికం కావడంతో వరహాల కథ ముగిసింది.

పేరులో కూడా డాలరే అయిన మరొక నాణెం బొంబాయిలో పుట్టింది. హాంగ్‌కాంగ్, సింగపూరు, మలయా రేవులలో వర్తకం నిమిత్తం 1895 నుంచి బ్రిటిషు ప్రభుత్వం వర్తక డాలరును బొంబాయి, కలకత్తా టంకశాలలలో ముద్రించింది. కొద్ది పాళ్లు లండనులోనూ తయారయింది. దీని తూకం సుమారు 27 గ్రాములు. నూటికి 90 పాళ్లు వెండి. ఒకవైపు త్రిశూలం, డాలు ధరించి నిలబడిన బ్రిటానియా, వెనుక ఓడ కనిపిస్తాయి. త్రిశూలపు నడిమి ముల్లు మీద సూదిమొనంతటి ‘బి’ అక్షరం ఉంటే అది బొంబాయి అచ్చు. బ్రిటానియా ఎడమ పాదం దగ్గర ‘సి’ ఉంటే కలకత్తాది. రెండవవైపు చీనా అక్షరాలతోపాటు అరబ్బీ లిపిలో రాసిన మలయా మాటలు ఉంటాయి. ‘సాతు రింగిత్’, అనగా ఒక డాలరు. ఉర్దూ చదువుకున్నవారు ఈ మాటలను కూడబలుక్కొని చదవగలరు గాని ఒక అక్షరం దగ్గర ఆగిపోతారు. ఐన్ అక్షరం మీద మూడు చుక్కలు పెట్టిన ఆ రూపం ఉర్దూలో లేదు. మలయా వారు దానిని మన ఙకారపు ధ్వనికి వాడతారు. ఉర్దూ లిపి, తెలుగు వర్ణమాల రెండూ తెలిసిన విద్యార్థికి ఆ చిక్కు ఇట్టే విడిపోతుంది.

ఈ డాలర్లలో అంకెలమీద అంకెలు చెక్కిన అచ్చులు విశేషంగా ఉన్నాయి. 1909లో తొమ్మిది కిందనుంచి ఎనిమిది కనిపించేవి కొన్ని. 1904 అంకెల అడుగున 1898 అంకెల తునకలు కనిపించేవి కొన్ని. వీటికి తోడు తూర్పు రేవులలోని షరాబులు డాలరును పరీక్షించి తమ ముద్ర కొట్టి మరీ పంపేవారు. షరాబు అన్న తెలుగు మాట, సర్రాఫ్ అన్న అరబ్బీ మాట ఒక్కటే. ఆ ముద్రలు టంకశాల అచ్చులోనివి కావు. టంకశాల పనివాని చెయ్యి ఏదో, షరాబు చెయ్యి ఏదో వేరుచేసి చూడడమే ఈ విద్యలో మొదటి మెట్టు.

రూపాయిల విషయానికి వస్తే, 1840 నాటి విక్టోరియా రూపాయి వెనుక రెండు కొమ్మల తోరణం ఉంటుంది. ఆ కొమ్మల పండ్లను లెక్కించి అచ్చులను విడదీస్తారు. కొన్నిటిలో 28 పండ్లు, మరికొన్నిటిలో 35. 1862 అని ముద్రించిన రూపాయిలు ఆ ఒక్క ఏడాదిలో తయారైనవి కావు. అదే అంకెతో 1874 వరకు ముద్రిస్తూ వచ్చారు. బొంబాయి వారు మాత్రం అంకె దగ్గర చుక్కలు పెట్టేవారు. ఆ చుక్కలను లెక్కపెట్టి ఏ ఏటి రూపాయో పోల్చుకోవచ్చునని పరిశోధకులు భావించారు. ఇక 1911 నాటి అయిదవ జార్జి రూపాయి సంగతి మనవారు వినే ఉంటారు. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మకు తొండమూ కాళ్లూ పొట్టిగా పడి అది పందిలా కనిపించింది. ముస్లిములు అభ్యంతరపడ్డారు. 1912లో ఏనుగును స్పష్టంగా చెక్కి అచ్చును మార్చారు. ఈ ఉదంతాన్ని నవ్వులాటగా చెప్పుకుంటారు గాని నాకు ఇందులో మరొకటి తోస్తుంది. అనుమగింజంతటి బొమ్మను బజారులోని సామాన్యులు అంత శ్రద్ధగా చూశారు. వారికి భూతద్దం లేదు, పట్టిక లేదు. చేతిలోని వస్తువును చూసే అలవాటు మాత్రం ఉంది.

హైదరాబాదు హాలీ సిక్కా సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ఈ రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉంటుంది. నడిమి కమాను ద్వారంలో ఒక్క అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటి దానిలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి దానిలో ఐన్. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్లలో పొట్టి ఐన్ ఉన్న అచ్చు ఒకటి, నిండు ఐన్ ఉన్న అచ్చు ఒకటి వచ్చాయి. అరబ్బీ లిపి రాని సేకర్తకు అది ఒక వంకర గీత. మన విద్యార్థికి మాత్రం ఒక పేరులోని తొలి అక్షరం.

ఇంతవరకూ చెప్పిన తేడాలకు ప్రబల శత్రువు ఒకటే, కంసాలి మూస. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో జనం కాగితపు నోట్లను నమ్మక వెండి రూపాయిలు అడగసాగారు. ప్రభుత్వం దగ్గర వెండి తరిగిపోయింది. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో సుమారు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండి భారతదేశం కొరకే బ్రిటనుకు అమ్మారు. ఆ వెండి మన టంకశాలలకు చేరి రూపాయిలయింది. ఎనిమిది ఈకలు, ఏడు ఈకలు, అంకెల మీది అంకెలు అన్నీ ఆ మూసలో ఒక్కటైపోయాయి. కనుక ఇప్పుడు మన ఇంట్లో ఉన్న 1918 రూపాయిలో మోర్గన్ డాలరు వెండి ఉండే అవకాశం లేకపోలేదు. కాని దానిని గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. కరిగిన వెండికి తూకం మిగులుతుంది, చరిత్ర మిగలదు.

ఈ మాట నేను పుస్తకాలు చూసి మాత్రమే అనడం లేదు. కొన్నేళ్ల క్రితం మా చెల్లెలికి బి.ఇడి.లో సీటు వచ్చినప్పుడు ఫీజు కట్టవలసిన గడువు దగ్గరపడింది. అబ్బా అప్పటికి పనినుంచి విరమించారు. నాకు ఇంకా స్థిరమైన ఉద్యోగం లేదు. దాదీ తన ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక గుడ్డసంచి తీసి మా ముందు పెట్టింది. అందులో ఇరవైయొక్క వెండి రూపాయిలు, ఒక పెద్ద డాలరు ఉన్నాయి. డాలరు ఆమె మామగారి తండ్రి ఓడమీద వంటవాడుగా పనిచేస్తూ తూర్పు రేవులనుంచి తెచ్చినది. ‘రేపు కురుపాం మార్కెట్టుకు తీసుకుపోండి. చదువుకు పనికిరాని వెండి ఎందుకు?’ అంది దాదీ. మరునాడు ఉదయం కంసాలి దగ్గరకు వెళ్లాలని నిశ్చయమయింది.

ఆ రాత్రి నేను పాత వార్తాపత్రిక పరచి నాణేలను వరుసగా పేర్చాను. భూతద్దం, చిన్న త్రాసు పెట్టుకొని కూర్చున్నాను. 1940 తరువాతి ఆరవ జార్జి రూపాయిలు అయిదు వేరుగా తీశాను. వాటిలో వెండి సగమే, మోతలోనే తేడా తెలుస్తుంది. 1862 రూపాయి ఒకటి చుక్కలతో కనబడింది. 1840వి రెండు ఉన్నాయి. పండ్లు లెక్కపెడితే రెండూ రెండు అచ్చులవి. చివరకు డాలరును దీపానికి వాలుగా పట్టి చూశాను. త్రిశూలం మీద ‘బి’ ఉంది. సంవత్సరం 1909. చివరి తొమ్మిది కడుపులో మరొక వంపు ఉబ్బి కనిపించింది. అది ఎనిమిది.

దాదీ నిద్రపోలేదు. మంచం మీదనుంచి నా పని చూస్తూ, ‘ఏం వెదుకుతున్నావు బేటా?’ అంది. అచ్చుల తేడాలని చెప్పాను. ఆమె లేచివచ్చి నా పక్కన కూర్చొని, దీపం వైపు చూడకుండానే చేతితో నాణేలు తడుముతూ ఒకటి తీసింది. ‘ఇది మా అబ్బాజాన్ పెళ్లినాడు నా చేతిలో పెట్టింది. రాజు మెడనుంచి అంచుదాకా గీత ఉంది చూడు’ అంది. చూశాను. 1918 రూపాయి. నిజంగానే రాజు మెడ దగ్గరనుంచి అంచువరకు వెంట్రుకంత గీత ఉబ్బి ఉంది. నాణేల శాస్త్రంలో దానిని అచ్చు పగులు అంటారు. ఆమె ఏ లిపీ చదవలేదు. అరవై ఏళ్లుగా ఆ పగులుతో తన తండ్రి రూపాయిని ఇరవై రూపాయిలలోనుంచి గుర్తుపడుతూ వచ్చింది. ఒకదాని అంచున పాత కొక్కెం తీసిన మచ్చ ఉంది, అది వాళ్లమ్మ మెడలోని హారంలోది. మరొకటి మా అబ్బా పుట్టినప్పుడు ఆమె అన్నగారు ఇచ్చింది. ఇలా పదమూడింటికి ఆమె దగ్గర పేర్లున్నాయి. నేను చేసిన పట్టికా ఆమె పట్టికా ఒక్కచోట కూడా కలియలేదు. నేను విలువైనవిగా తీసిపెట్టినవాటిలో ఆమెకు పేరు తెలిసినది ఒక్కటీ లేదు. ఆమె దాచుకున్న పగులు రూపాయికి బజారులో విశేషమైన ధర లేదు.

నాకు ఆ డాలరు ఇంట్లోనే ఉండాలని ఉంది. ఆ మాట దాదీతో అన్నాను కూడా. ఆమె కాసేపు డాలరును చేతిలో ఉంచుకొని, ‘దీన్ని తెచ్చిన మనిషిని నేను చూడలేదు. చదువుకు ఇస్తే ఆయన కాదంటాడా? అమ్మెయ్యి’ అంది. మారు పలకడానికి నాకు మాట దొరకలేదు. మరునాడు కంసాలి వద్దకు పోవడానికి బదులు, ఊరిలో నాణేలు సేకరించే ఒక పెద్దమనిషి ఇంటికి డాలరును తీసుకుపోయాను. ఆయన తొమ్మిది కింది ఎనిమిదిని తన అద్దంతో చూసి, తూకానికి వచ్చే వెండి ధరకు ఎన్నో రెట్లు ఇచ్చారు. చుక్కల రూపాయిని, పండ్ల రూపాయిలు రెంటినీ కూడా తీసుకున్నారు. సగం వెండి రూపాయిలు అయిదింటిని కంసాలికి ఇచ్చాం. గడువులోపల ఫీజు కట్టాం. దాదీ పేర్లు పెట్టిన పదమూడూ సంచిలోకి తిరిగి వెళ్లాయి. మా చెల్లెలు ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో టీచరు. డాలరు ఇప్పుడు మరొకరి పెట్టెలో ఉంది. దానిని తలచుకొంటే నాకు నేటికీ కొంచెం బాధ కలుగుతుంది. కాని ఆ అంకె కింది అంకె తెలియకపోయి ఉంటే ఇరవైరెండూ ఒకే మూసలో పడి ఉండేవన్నది కూడా అంతే నిజం.

ఇటీవలి సంవత్సరాలలో వెండి ధర బాగా పెరిగింది. అందుచేత మన ఇళ్లలో మిగిలిన పాత రూపాయిలు త్వరత్వరగా మూసలోకి పోతున్నాయి. అవసరం వచ్చినప్పుడు అమ్మవద్దని చెప్పే అర్హత ఎవరికీ లేదు. అమ్మేముందు చూడండి అని మాత్రమే నా మనవి. చూడడానికి పదింతలు చేసి చూపే భూతద్దం ఒకటి, గ్రాములో పదోవంతును చూపే త్రాసు ఒకటి చాలు. సగం వెండివి కాని బ్రిటిషు రూపాయి తూకం సుమారు 11.66 గ్రాములు. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. వెలుగు నేరుగా కాక పక్కనుంచి పడేలా చూడాలి. ముందు సంవత్సరపు అంకెలు, తరువాత టంకశాల గుర్తు, ఆ తరువాత బొమ్మలోని సూక్ష్మాలు, చివరకు అంచు, ఈ వరుస తప్పకూడదు. ఉబ్బి ఉన్న గీత అచ్చుది. గుంట పడిన గీత తరువాత తగిలిన దెబ్బ. చింతపండుతోగాని బూడిదతోగాని తోమరాదు. తోమితే నలుపుతోపాటు గుర్తులు కూడా పోతాయి. అయస్కాంతానికి అంటుకునేది వెండి కాదు. పోత పోసిన నకిలీలలో అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయి. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దానిని విదేశాలకు పంపరాదు. భూమిలో దొరికిన నిధిని దాచిపెట్టక కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది.

వెండి లేనివారు విచారించనక్కర లేదు. మీ జేబులోని చిల్లర తీసి సంవత్సరపు అంకె కింద చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాదులో పుట్టింది. వజ్రపు ఆకారం ఉంటే ముంబయిది. చుక్క ఉంటే నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. నాలుగింటికీ బజారులో ఒకటే విలువ. దుకాణదారు దేనినీ తక్కువగా తీసుకోడు. అయినా ప్రతిదానికీ తన పుట్టినిల్లు ఉంది, దానిని దాచుకోవలసిన పని దానికి లేదు. రెండు భాషల కళాశాలలో చదివే మనకు ఈ చిన్న గుర్తులు వేరే పాఠం చెప్పనక్కర లేదనుకుంటాను.

సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు మీ దాదీనో నానీనో, అమ్మమ్మనో నానమ్మనో అడిగి ఆ పాత నాణేలు ఒకసారి చేతిలోకి తీసుకోండి. భూతద్దం పెట్టేముందు ఒక్క ప్రశ్న వేయండి, ఇది ఎవరిచ్చారు అని. జవాబును కాగితం మీద రాసి నాణెంతోపాటే ఉంచండి. అచ్చు తేడాలను ఎప్పుడైనా ఎవరైనా కనిపెట్టగలరు. ఆ జవాబు చెప్పగలిగినవారు మాత్రం ఎల్లకాలం ఉండరు.